అమ్మమ్మకు అమ్మ చెప్పిన డబ్బింగ్

ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్ వద్దని, విజయవాడలో సినిమా ప్రధాన సబ్జెక్టుగా ఉన్న డిగ్రీలో చేరాను. కంకిపాడులో మా వీధివాళ్లు ఎవరడిగినా అమ్మ "డిగ్రీ చదువుతోందండీ" అని ఊరుకునేది. ఏ డిగ్రీ అని అడిగేలోపే మాట మార్చేసేది. నేను తీసిన ఒక్క షాట్ కూడా చూపించమనలేదు.

అడిగింది అమ్మమ్మే. ఆవిడ పామర్రులో మావయ్య వాళ్లతో ఉండేది. చివరి సంవత్సరం మేమంతా తలా ఒక చిన్న సినిమా తీయాలి. నాది ఒక పెద్దావిడ కథ. అలిగి మాటలు మానేసిన కూతురికి ఆవిడ రోజూ ఫోన్ చేస్తుంది. కూతురు ఫోన్ ఎత్తుతుంది గానీ పలకదు. ఆ వేషానికి ఎవరినైనా వెతకాలని చెబితే అమ్మమ్మ చేటలో బియ్యం ఏరుతూనే, "వెతకడం దేనికే, నేను లేనూ?" అంది.

మావయ్య ఇంట్లోనే తీశాం. ఆ రోజే వెనక చేలో వరికోత మిషన్ దిగింది. మబ్బు పట్టి ఉంది, కోత ఆపమని ఎవరిని అడుగుతాం? మాటలు తర్వాత డబ్బింగ్ చెప్పించుకోవచ్చులే అనుకున్నాం. అమ్మమ్మకు ఆ సంగతి బాగా నచ్చింది. స్టూడియో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరని తెలిసి, ఆ రోజు ఏ చీర కట్టుకుని వస్తుందో కూడా చెప్పేసింది.

రాలేదు. నేను ఎడిటింగ్‌లో ఉండగా మావయ్య ఫోన్ చేశాడు. పొద్దున్నే కాఫీ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయిందట.

పెద్దకర్మ అయ్యాక కాలేజీకి వెళ్తే, మా మాస్టారు తొందరేం లేదన్నారు. వేరే ఎవరితోనైనా చెప్పించుకోమన్నారు. నాటకాలు వేసే నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి గొంతు వణికిస్తూ చెప్పింది. అది ఇంట్లో లాప్‌టాప్‌లో వింటుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"ఎవరిదే ఆ గొంతు?"

చెప్పాను.

"మా అమ్మ అట్లా మాట్లాడదు," అంది. స్టవ్ కట్టేసి వచ్చి, "ఎప్పుడెళ్లాలి స్టూడియోకి?" అని అడిగింది.

గాజు తలుపు అవతల అమ్మను మైకు ముందు కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టాం. తెర మీద అమ్మమ్మ కనిపించింది. కొంగుతో ఫోన్ తుడిచి చెవికి పెట్టుకుంది. అమ్మకు చెప్పాల్సిన మాటలన్నీ తెలుసు, కానీ నోరు పెగల్లేదు. పోయాక అమ్మమ్మ కదలడం అమ్మ చూడటం అదే మొదలు. ఇంటికి వెళ్దామన్నాను. వద్దని చెయ్యి ఊపి, షూటింగ్‌లో రికార్డయిన శబ్దం వినిపించమంది. మిషన్ రొద తప్ప ఏమీ వినపడదని చెప్పినా వినలేదు.

కళ్లు మూసుకుని విన్నది. ఆ రొద అడుగున అమ్మమ్మ గొంతు సన్నగా ఉంది. అమ్మ దాన్ని పట్టుకుంది. ఒక్కో మాటా విని, వెనకే తనూ అన్నది. అమ్మమ్మకు ఆయాసం. మాట మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో అమ్మా అక్కడే తీసుకుంది. ఆఖరి మాట దగ్గరికి వచ్చింది.

"నువ్వేం మాట్లాడకపోయినా పర్లేదమ్మా. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు."

సౌండ్ చూసే అతను ఓకే అని చెప్పడం కూడా మరిచిపోయాడు. అమ్మ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, మంచినీళ్లు అడిగింది.

సినిమా కాలేజీలో వేశారు, బాగుందన్నారు. మావయ్యకు ఫోన్‌లో పంపితే ఏడుస్తూ ఫోన్ చేశాడు. "అమ్మ గొంతు ఎంత చక్కగా వచ్చిందే," అన్నాడు. పక్కనే ఉన్న అమ్మ నా వైపు చూసి చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇప్పటికీ ఆయనకు తెలియదు. అన్నం తినేటప్పుడు పెట్టుకుని చూస్తాడట.

నేను చూడను. ఆ సినిమా పూర్తి చేసే పనిలో అమ్మ చెప్పిన డబ్బింగ్ ఎన్నిసార్లు విన్నానో. ఇప్పుడు అమ్మమ్మను తలుచుకుంటే అమ్మ గొంతే వినిపిస్తుంది. అసలు గొంతు కోసం పాత రికార్డింగ్ తెరిచి, అమ్మలాగే కళ్లు మూసుకుని వింటాను. నాకు మిషన్ రొదే వినిపిస్తుంది.