రేవులో తీసిన చెలమ

పొద్దున ఎనిమిదికి ఓడ శ్రీలంక రేవులో ఆగింది. సాయంత్రం నాలుగుకల్లా అందరూ తిరిగి ఎక్కాలని, ఆలస్యమైతే ఎవరి కోసమూ ఆగదని మైకులో మూడు భాషల్లో చెప్పారు. నాకు ఒక భాషలో చెప్పినా చాలు. చేతిలో చీటీ సిద్ధంగా ఉంది: గుడి, కోట, భోజనం, ఇసుకలో షికారు, ఫోటోలు. పదేళ్ళుగా చెన్నైలో ఉద్యోగం చేస్తున్నదాన్ని, చీటీ లేకుండా కూరగాయలకు కూడా పోను.

ఈ ఓడ ప్రయాణం పెట్టుకున్నది మా నాయన కోసం. మా ఊరు గార్లదిన్నె చుట్టుపక్కల ఎవరు బోరు వేయించాలన్నా ముందు ఆయన్ని పిలిచేవారు. పీచు ఒలిచిన టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి చేనంతా నడుస్తాడు. కింద నీళ్ళున్న చోట టెంకాయ లేచి నిలబడుతుందట. నేను నమ్మను. కానీ ఊళ్ళు నమ్మాయి. నీళ్ళు పడితే మొదటి దోసిలి బోరు పాయింటు చూపించినవాడే తాగాలి, అదీ అక్కడి ఆచారం. అలా ఎన్ని దోసిళ్ళు తాగాడో నాయనకే లెక్క లేదు.

పోయిన ఏడాది మామ చేనులో రెండు పాయింట్లు చూపించాడు. మామ అంటే చుట్టం కాదు. చిన్నప్పుడు నాయనతో కలిసి గొర్రెలు కాసినవాడు. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. రెండు బోర్లలోనూ తెల్ల దుమ్ము లేచిందే గాని చుక్క నీరు పడలేదు. మామ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని అమ్మ అంటుంది. ఆ రోజు నుంచి నాయన టెంకాయ ముట్టలేదు. గుడిలో కూడా అమ్మే కొట్టాలి. మామ వీధి వాకిట్లోకి వస్తే ఈయన పెరటి వాకిట్లో నుంచి జారుకుంటాడు. మామ ఫోన్ చేస్తే అమ్మ తీసి, చేనికి పోయినాడని అబద్ధం చెప్పాలి. అంత మాటకారి మూగవాడైపోతే చూస్తూ ఊరుకోలేక ఈ టికెట్లు కొన్నాను.

ఓడలో రెండు రోజులూ ఆయన రెయిలింగు పట్టుకుని నీళ్ళను చూస్తూ గొణిగాడు. "ఇన్ని నీళ్ళు పెట్టుకోని గుక్కెడు తాగేదానికి పనికిరావా! ఏం లాభం పాపా?" ఏడాదిలో ఆయన మాట్లాడిన అతి పెద్ద మాట అదే. నాకు ప్రాణం లేచొచ్చింది.

రేవులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. గుడి అయింది. కోట మెట్లు చూసి అమ్మ, "రాళ్ళు చూసేదానికి ఇంత దూరం రావల్లనా? మన పెనుగొండలో ల్యావా?" అంది. చీటీలో కోట కొట్టేశాను. ఊరు దాటాక సముద్రం పక్కన ఒక టెంకాయల పాక కనిపించింది. అక్కడే కూర్చున్నాం. నారింజ రంగు బొండాలు. అమ్మ మూడు తాగింది. సంచిలో నుంచి చపాతీలు, శెనక్కాయల పొడి తీసి పాక నడిపే ఆమెకూ పెట్టింది. ఆమె తమిళం మాట్లాడుతుంది, అమ్మ తెలుగు. నేను మధ్యలో ఉన్నాను గాని ఇద్దరికీ నా అవసరం పెద్దగా పడలేదు. కారానికి ఆమె కళ్ళల్లో నీళ్ళు కారుతున్నా ఇంకా పెట్టమని చెయ్యి చాపింది. చల్లగాలి, నీడ, కడుపు నిండా తిండి. చీటీ మడిచి బ్యాగులో పడేశాను. అలా మడవడం నా జన్మలో అదే మొదటిసారి.

పాకామె బిందె చూపించి తన గోడు చెప్పుకుంది. పోయిన తుఫానుకు అలలు లోపలికొచ్చి ఆమె నీళ్ళ గుంట ఉప్పబడిపోయిందట. మంచినీళ్ళకు రోజూ రోడ్డు దాటి చాలా దూరం పోయి మోసుకొస్తోంది. కొత్త గుంట ఎక్కడ తవ్వాలో తెలియడం లేదు.

నేను తెలుగులో చెప్పానో లేదో, అమ్మ అందుకుంది. "మా ఆయప్ప నీళ్ళు చూపిస్తాడని చెప్పు."

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను. చెప్పేశాను.

ఆమె వెంటనే కుప్పలో నుంచి పీచు ఒలిచిన టెంకాయ తీసి నాయన ముందు పెట్టింది. ఆ విద్య అక్కడా ఉందన్నమాట! నాయన రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. ముఖం ఎర్రబడింది.

"ఎవురు చెప్పమన్నారు నిన్ను? సముద్రం పక్కన నీళ్ళు చూపించేదేంది? నవ్వుతారు. పదండి, ఓడ పోతాది."

ఓడకు ఇంకా మూడు గంటలుంది. తిట్టింది నన్నే అయినా నాకు కోపం రాలేదు, భయమేసింది. అనవసరంగా కెలికానేమో, మళ్ళీ మూగవాడైపోతాడేమో అనిపించింది.

ఏమంటున్నాడని పాకామె అడిగితే చెప్పాను. ఆమె నెమ్మదిగా అంది. "నీళ్ళు ఎక్కడైనా వస్తాయి. మంచివి కావాలి."

ఆ మాట నేను చెప్పగానే నాయన ఆగాడు. కాసేపు ఇసుకను చూశాడు. తర్వాత పంచె ఎగగట్టి, టెంకాయ ముట్టకుండానే, పాక పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వడం మొదలుపెట్టాడు. మావైపు ఎండిపోయిన పెన్న ఇసుకలో ఆడవాళ్ళు చెలమ తీస్తారు, అచ్చం అలా. సముద్రం ఒడ్డున తాగడానికి చెలమ తీసే మనుషులు మా జిల్లావాళ్ళు తప్ప ఇంకెవరుంటారు! పక్కన పోతున్న మా ఓడవాళ్ళు ఇద్దరు నిలబడి ఫోటో తీసుకున్నారు.

మూరెడు లోతులోనే నీళ్ళూరాయి. నాయన నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. ఉప్పు. అమ్మ నావైపు చూడకుండా సంచి సర్దడం మొదలుపెట్టింది.

కానీ నాయన లేచి నిలబడి చెప్పులు విడిచాడు. పాక వెనక కొంచెం మిట్టగా ఉన్న చోటుకేసి, అక్కడి పచ్చగడ్డికేసి చూశాడు. పాకామె దగ్గరికొచ్చి, అరచెయ్యి చాపాడు. ఆమె అందులో టెంకాయ పెట్టింది. అమ్మ చేతిలో సంచి అలాగే ఉండిపోయింది.

ఆయన నడిచాడు. నాలుగడుగులకే టెంకాయ లేచింది. కాస్త పక్కకు జరిగాడు, మళ్ళీ లేచింది. ఎటు పోయినా లేస్తోంది! నాయన నిలబడిపోయి పకపకా నవ్వాడు. ఏడాది తర్వాత విన్నాను ఆ నవ్వు.

"దీనికేం రోగమొచ్చింది పాపా? కూర్చోమన్నా కూర్చోదే! ఈడ కింద అంతా నీళ్ళే ఉండాయి!"

చివరికి గడ్డి బాగా ఒత్తుగా ఉన్న చోట మడమతో గుర్తు పెట్టాడు. పాకామె పార తెచ్చింది. ఆమె, నాయన వంతులవారీగా తవ్వారు. నేనూ తవ్వాను, కొత్త సల్వారు ఖరాబైంది. నడుము లోతులో ఇసుక నల్లబడి నీళ్ళు ఊరి తేరుకున్నాయి. పాకామె ముంచబోతూ ఆగి, టెంకాయ చిప్పతో ముందు నాయనకే అందించింది. మా ఆచారం ఆమెకు ఎవరు చెప్పారో! నేనైతే చెప్పలేదు.

నాయన గుక్క తాగి, కళ్ళు మూసుకున్నాడు. మేమంతా ఆయన గొంతు వంకే చూస్తున్నాం.

"ఉప్పు ల్యాదు," అన్నాడు. ఇంకో గుక్క తాగాడు. "రవ్వంత కూడా ల్యాదు."

పాకామె తాగి, నాయన రెండు చేతులూ పట్టుకుంది. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ శెనక్కాయల పొడి డబ్బా మొత్తం ఆమెకు ఇచ్చేసింది. ఆ మిట్ట మీద ఎవరు తవ్వినా మంచినీళ్ళే పడేవేమో. ఆ సంగతి నాకు అప్పుడే తోచింది, అప్పుడే మింగేశాను. నేను అంత ఆనందంగా ఏ గుళ్ళోనూ నిలబడలేదు.

మూడున్నరకు రేవు గేటు దగ్గర ఆటో దిగాం. బిరబిరా పోదామని నేను తొందరపెడుతుంటే నాయన ఆగి చెయ్యి చాపాడు. "ఫోన్ ఇట్లియ్యి." నంబరు ఆయనే నొక్కాడు. చూడకుండా నొక్కాడు. స్పీకరులో మామ గొంతు అనుమానంగా పలికింది. "ఎవురూ?"

"నేను బావా. లంకలో ఉండా. ఈడ నీళ్ళు నడుము లోతులోనే ఉండాయి బావా! మంచినీళ్ళు!"



"అట్లనా," అన్నాడు మామ. "అయితే బోరు బండి ఆడికే పంపీమంటావా?"

నాయన నవ్వబోయాడు. "నీ చేన్లో..." అని ఆగిపోయాడు.

"చేను యాడికి పోతాది బావా?" అన్నాడు మామ. "ముందు నువ్వు రా. టెంకాయ నేను తెచ్చిపెడతా."