దారం ఆ కొస పట్టిందెవరు?

2022 వేసవి. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లున్న దారిలో నాదొక చిన్న షెడ్డు. సమాధి రాళ్లు, శిలాఫలకాలు చెక్కుతాను. ఉలి మా అబ్బా, అంటే మా నాన్న ఇచ్చింది, పొగరు నా సొంతం. మా పనికి లేఅవుట్ ప్రాణం. అంటే ఉలి పెట్టకముందే రాయి మీద పెన్సిల్‌తో అక్షరాలు గీసుకోవడం. ఉలి పడ్డాక తప్పు దిద్దడం ఎవరి తరమూ కాదు.

ఆ రోజు పెద్దేముల్ నుంచి దానియేలు అనే అతను తల్లి ఎస్తేరమ్మను తీసుకొని వచ్చాడు. తండ్రి పోయి నెలైంది. ముప్పై ఏళ్లు రాతి గనిలో పనిచేసిన మనిషి, చర్చిలో పాటలు కూడా కట్టేవాడట. ఆయన నోట్‌బుక్‌లో దొరికిన చివరి కవితను సమాధి మీద చెక్కించాలని వాళ్ల కోరిక.

"పైన పెద్దగ 'ప్రభువుకు' అని రాయి భాయ్. నాయిన దేవునితోటి మాట్లాడిండు" అన్నాడు దానియేలు.

బల్ల మీద కూర్చున్న ఎస్తేరమ్మ నవ్వింది. "దేవునితోటి మస్తు మాట్లాడేటోడు కొడుకా. నాతోటైతే 'కూడు పెట్టు' తప్ప ఇంకో మాట లేకుండె."

నవ్వుతూ అన్నా, ఆ మాటకు నాకు చాలా జాలేసింది. పైన 'ప్రభువుకు' అని గీసి, కవిత మొదలుపెట్టాను.

ఆ కొసన నువ్వు, ఈ కొసన నేను.
నువ్వు గట్టిగ పట్టినందుకే
నా గీత వంకర పోలే.
వేలు తెగినా నువ్వు ఇడువలే.
నోటితోటి చెప్పలే, గందుకే రాస్తున్న.

మూడో పంక్తి దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. బండను కోసేముందు గీత వేయాలంటే, రంగులో ముంచిన దారాన్ని ఇద్దరు చెరో కొసన బిగించి పట్టాలి. ఒకరు లాగి వదిలితే గీత పడుతుంది. అవతలి చెయ్యి సడలిందా, గీత వంకర, బండ దండగ.

"అమ్మా, గనిల ఆయనకు దారం ఎవలు పట్టేటోళ్లు?"

"ఇంకెవలు? నేనే. పెండ్లైన కాడికెల్లి." చూపుడువేలు చాపింది. దారం కోసిన గాటు ఇంకా ఉంది.

దానియేలు ఒప్పుకోలేదు. "ఏసయ్య చేతులకు గూడ గాయాలైనయ్ గద భాయ్."

"అయినయ్. కాని మీ నాయిన రోజూ ప్రార్థన చేస్తుండె గద? దేవునికి నోటితోటి చెప్పంది ఏముంది? చెప్పంది ఎవలికి?"

దానియేలు తల్లి వైపు చూశాడు. ఆమెకు చదువు రాదు. అతనే ఆ ఐదు పంక్తులూ మళ్లీ మెల్లగా, ఈసారి ఆమెకు చెబుతున్నట్టు చదివాడు.

"ఇంత మాట కడుపుల పెట్టుకొని ముప్పై ఏండ్లు ఊకున్నడా, మొండోడు!" అని ఎస్తేరమ్మ ఏడుస్తూనే పకపకా నవ్వింది. నాకూ కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు. తడిగుడ్డతో 'ప్రభువుకు' తుడిచేశాను. దేవుడు ఏమీ అనుకోడని నా నమ్మకం.

"మరి పైన ఏం రాయాలె అమ్మా?"

"'ఎస్తేరుకు' అని రాయి. జర పెద్దగ రాయి కొడుకా, తొవ్వల పోయేటోళ్లకు గూడ కనవడాలె."

అప్పటినుంచి ఎవరు కవిత తెచ్చినా, ఇది ఎవరి మాట, ఎవరితో అంటున్న మాట అని అడగకుండా పెన్సిల్ ముట్టను. ఆ రోజు మాత్రం ఆమె చెప్పినదానికన్నా పెద్దగానే చెక్కాను.