గడువు దాటిన పుస్తకానికి ఒక కార్డు

పోయిన సోమవారం పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే, మా ఊరి లైబ్రరీ వాట్సాప్ గ్రూపులో ఒక జాబితా కనిపించింది. గడువు దాటినా పుస్తకాలు తిరిగి ఇవ్వనివాళ్ల పేర్లు, వాటి పక్కనే పుస్తకాల పేర్లు. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి చురుకైనది, పాపం, గళ్లు గీసి మరీ పెట్టింది. మూడో పేరు పక్కన తాగుడు మానడం గురించిన పుస్తకం. లైబ్రేరియన్‌గా రిటైరై ఇన్నేళ్లయినా, ఇలాంటి జాబితా చూస్తే నాకు భయమే. వెంటనే ఫోన్ చేసి, "ముందు అది తీసెయ్ తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. "తీసేస్తాండా సార్, ఏమైనాది? తప్పేమన్నా రాసినానా?" అని కంగారుపడింది. తీసేసింది కూడా. కానీ ఏమైందో ఫోన్‌లో చెప్పడం నాకు చేతకాలేదు. అది చెప్పాలంటే, ఆమె వయసులో నేను చేసిన పని చెప్పాలి.

నేను మొదట లైబ్రేరియన్‌గా చేరింది ధర్మవరానికి కొంత దూరంలో, మగ్గాలున్న ఒక చిన్న ఊళ్లో. ఒకటే గది, రెండు బీరువాలు, ఒక పొడుగాటి బల్ల. వానలు ఎటూ రావు కాబట్టి పైకప్పు గురించి ఎవరికీ చింత లేదు గానీ, దుమ్ము మాత్రం పుస్తకాలన్నింటినీ మాకంటే ముందే చదివేసేది. పుస్తకాలిచ్చే రిజిస్టరు ఎప్పుడూ ఆ బల్ల మీదే తెరిచి ఉండేది. తీసుకునేవాళ్లే పేరు, పుస్తకం పేరు రాసి సంతకం పెట్టేవాళ్లు. పేపరు కోసం వచ్చినవాళ్లు, పేపరు ఇంకొకరి చేతిలో ఉంటే, ఖాళీగా కూర్చోలేక రిజిస్టరు చదివేవాళ్లు. ఎవరింటి కోడలు ఏ నవల సగంలో ఉందో ఊరంతటికీ తెలుసు. అందులో తప్పుందని నాకూ తోచలేదు. నిజం చెప్పొద్దూ, సరదాగా కూడా ఉండేది. పదిహేను రోజుల గడువు దాటితే ఇంటికి పోస్టుకార్డు రాయాలి. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని నాకు మహా గర్వం. పుస్తకం పేరు ఎర్ర సిరాతో రాసి కింద గీత కూడా గీసేవాణ్ణి. మా పోస్టాయనేమో కార్డు ఏదైనా సరే అరుగు దగ్గర నిలబడి పైకి చదివి వినిపించేవాడు. చదువు రానివాళ్లకు అదో ఉపకారం, ఆయనకో గ్లాసు మజ్జిగ. ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుందని నాకు తెలుసు. తెలిసే రాసేవాణ్ణి.

మగ్గాల వీధిలో ఒక ఇల్లాలు ఉండేది. భర్త మగ్గం మీద, ఆమె రాట్నం ముందు. మధ్యాహ్నం కాస్త తీరిక దొరికితే వచ్చి, నిలబడే వారపత్రిక తిరగేసి వెళ్లిపోయేది. ఒకరోజు క్షయవ్యాధి మీద ఉన్న చిన్న పుస్తకం తీసుకుంది. సంతకం పెట్టేటప్పుడు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉంది. గడువు దాటి పది రోజులైనా పుస్తకం రాలేదు. కార్డు రాశాను. పోస్టాయన వాళ్ల గుమ్మం ముందు నిలబడి, "క్షయవ్యాధి, లక్షణాలు, చికిత్స" అని గట్టిగా చదివాడట. చదువుతుండగానే లోపల మగ్గం చప్పుడు ఆగిపోయిందని ఆయనే నాకు నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. ఇప్పటికీ నన్ను కాల్చేది ఆ నవ్వే.

రెండు రోజులకు వాళ్లకు పట్టు, జరీ ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు లైబ్రరీకి వచ్చాడు. ఏనాడూ పుస్తకం ముట్టిన మనిషి కాదు. బల్ల ముందు కూర్చుని, "ఏమప్పా సారూ, ఆ ఇంటోళ్లు ఆ రోగం బుక్కు ఒగటేనా, ఇంకేమన్నా తీసుకపోయిండారా? నేను ఇచ్చేది పెండ్లి చీరలకు పట్టు. ఆడ ఎవురికి దగ్గుండాదో నాకు తెలియాల గదా" అని రిజిస్టరు వైపు చెయ్యి చాపాడు. నాకేమైందో తెలియదు, గబుక్కున రిజిస్టరు మూసి దాని మీద మోచేతులు ఆనించాను. "చూపించకూడదండీ" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్నటిదాకా సంతలో మాదిరి తెరిసి పెట్టినావు. ఈ పొద్దే ఎందుకు మూసినావు? అంటే ఉండాదన్నమాట" అని లేచి వెళ్లిపోయాడు. అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. అందరివీ తెరిచిపెట్టి ఒక్కరిది మాత్రం దాస్తే, అది దాచడం కాదు, చాటింపు వెయ్యడం. ఆ సాయంత్రమే వాళ్లింటికి పట్టు ఆగిపోయింది.

మూడో రోజు ఆమె పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఏం మాట్లాడాలో తెలియక, ఇంట్లో ఎవరికి బాగాలేదని అడిగాను. "మా ఇంట్లో ఎవురికీ ఏమీ లేదు సార్. ఉరవకొండలో మా చెల్లెలికి. దాని అత్తగారింట్లో తెలీదు. మందులు మింగుతాండాది. గుట్టుగా చదువుకుంటాదని పుస్తకం ఆడ ఇచ్చి వచ్చినా, తెచ్చేకి ఆలస్యమైంది" అంది. నా ప్రాణం లేచొచ్చింది. షావుకారుకు ఈ ఒక్క మాట చెబితే చాలు, రేపే పట్టు వస్తుంది. అదే అన్నాను. ఆమె చేతులు జోడించింది. "వొద్దు సార్, మీకు దండం పెడతా. పట్టు ఈ షావుకారు ఇయ్యకపోతే ఇంకొగాయన ఇస్తాడు. దాన్ని అత్తగారింట్లోంచి తరిమేస్తే మళ్లా యాడ పోతాది? మీరు ఇంగ ఎవురికీ ఏమీ రాయద్దండి, అంతే చాలు."

ఆ తర్వాత నేను బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. ఎవరు బల్ల దగ్గరికొచ్చినా ఏమడుగుతారో అని గుబులు. నిజం నా నోట్లోనే ఉంది, కానీ కక్కకూడదు. ఆమె భర్త ధర్మవరం పోయి వేరేవాళ్ల మగ్గం మీద కూలికి నేశాడు. నేను రిజిస్టరును సొరుగులో పెట్టి తాళం వేశాను, అందరిదీ. కార్డు మీద "మీ దగ్గరున్నది తిరిగి ఇవ్వగలరు" అని మాత్రం రాయడం మొదలుపెట్టాను. జిల్లా మీటింగులో ఈ సంగతి లేవదీస్తే మొదట అందరూ నవ్వారు. తర్వాత కుందుర్పి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నవ్వు ఆపి, తన చేతుల మీదుగా జరిగిన ఇలాంటిదే ఒకటి మెల్లగా చెప్పాడు. ఆయన తర్వాత ఇంకొకరు. ఆ మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయాయి. మాకు ఎవరూ నేర్పలేదు. మా వల్ల దెబ్బతిన్నవాళ్లే నేర్పారు.

ఆరు నెలల తర్వాత ఒకరోజు సైకిల్ మీద ఆ వీధిలో పోతుంటే వాళ్లింట్లోంచి మళ్లీ మగ్గం చప్పుడు వినిపించింది; ఇంకో షావుకారు పట్టు ఇచ్చినట్టున్నాడు. దిగి నిలబడ్డాను. ఆమె గుమ్మంలోకి వచ్చి, అటూ ఇటూ చూసి, "మా చెల్లెలు బాగుండాది సార్" అని లోపలికి వెళ్లిపోయింది. లైబ్రరీకి మాత్రం మళ్లీ ఎన్నడూ రాలేదు. పుస్తకం పది రోజులు ఆలస్యమైతే నేను ఓర్చుకోలేకపోయాను. ఆమె ఆరు నెలలు నోరు మెదపకుండా ఓర్చుకుంది.