జీపు ముక్కు మీద ఠప్పా

మొన్న మధ్యాహ్నం మంచిర్యాలలో, మా ఇంటి వెనుక గదిలో కూర్చుని ఒక బుల్లి కారు తలుపుకు రెండో పూత రంగు వేస్తుంటే కిటికీలోంచి ఉన్నట్టుండి టేకు వాసన వచ్చింది. పక్కింటివాళ్ళు కొత్త దర్వాజాలు చేయిస్తున్నారు, వడ్రంగి చిత్రిక పడుతున్నాడు. కొత్త చెప్పుల తోలునూ కాస్త పాతబడ్డ నెయ్యినీ కలిపి ఎండలో పెట్టినట్టుండే ఆ వాసన తగలగానే కుంచె జారి, నీలం గీత తలుపు దాటి అద్దం మీదికి పోయింది. యాభై దాటిన మనిషిని, ఇప్పటికి నలభై దాకా కార్లు కట్టినదాన్ని, వాసనకు గీత తప్పడమేమిటని నన్ను నేనే తిట్టుకుంటూ పెరటి గోడ దగ్గరికి వెళ్ళాను. నా వేళ్ళకున్న రంగు చూసి వడ్రంగి నవ్వి, "కార్లు చేసే అక్కవు నువ్వేనా? ఇగో, ఈ ముక్క తీస్కపో, పారేసేదే" అని అరచేతంత టేకు చెక్క గోడ మీదుగా అందించాడు. చాపబోయిన చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పాపం, అతనికేం తెలుసు!

నేను పుట్టి పెరిగింది ప్రాణహిత అవతల, మహారాష్ట్రలో ఉన్న సిరొంచలో. ఎనభైల నడుమ నేను ఆరో తరగతి చదువుతున్నాను. బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఇంట్లో మా తెలుగు. ఎండాకాలం వస్తే వాకిళ్ళన్నీ ఇప్పపువ్వు ఎండే తియ్యటి మత్తు వాసనతో నిండిపోయేవి, తునికాకు కోసి వచ్చిన ఆడవాళ్ళ కొంగులకు అడవి అంటుకుని ఉండేది. వానలు పడితే ప్రాణహిత ఎర్రగా పొంగేది, భామ్రాగడ్ అడవుల వైపు తోవలు తెగిపోయి అటు పోయినవాళ్ళ కబురే తెలిసేది కాదు. మా బాపు టేకు డిపోలో చౌకీదారు. అడవిలో కొట్టిన దుంగలన్నీ అక్కడికి చేరేవి, ఒక్కో దుంగ చివరన ఇనుప సుత్తెతో సర్కారు గుర్తూ, దాని కింద నంబరూ కొట్టేవాళ్ళు. దాన్నే ఠప్పా అనేవాళ్ళం. ఠప్పా పడ్డదంటే అది సర్కారు కర్ర. దొంగలు ముందుగా చేసే పని ఆ చివరను కోసి పారేయడమే కనుక, కోసిన ఠప్పా ముక్క ఎవరింట్లోనన్నా దొరికితే ఆ ఇంటివాడి పని అయిపోయినట్టే.

బాపు సంగతి చెప్పాలి. సాయంత్రం డ్యూటీ దిగి గేటు దాటేముందు చెప్పులు రెండూ విప్పి ఒకదానికొకటి కొట్టేవాడు, అంగీ దులిపేవాడు, పాంటు మడతలు విప్పి అందులో చేరిన రంపపు పొట్టు అక్కడే రాల్చేవాడు. పొట్టు ఎవడికి కావాలి? అయినా సరే, డిపోది డిపోలోనే ఉండాలి. లోపలికీ బయటికీ వెళ్ళే కూలీల సంచులన్నీ తానే వెతికేవాడు, సొంత తమ్ముడి సంచి కూడా వదలలేదు. మా అమ్మను మేము అవ్వా అని పిలిచేవాళ్ళం. అవ్వ మాత్రం, "ఊరందరికి టేకు మంచాలు, నా ఇంట్ల నులక మంచమే" అని రోజుకోసారైనా దెప్పేది. బాపు నవ్వేవాడు, అంతే.

సెలవుల్లో మధ్యాహ్నం బాపుకు అన్నం పట్టుకెళ్ళేది నేనే. డిపో చెట్టు నీడలో ఫారెస్టు రేంజర్ సాబ్ జీపు ఆగి ఉండేది. ఆకుపచ్చ రంగు, గుడ్డ పైకప్పు, రెండు గుండ్రటి కళ్ళ నడుమ నిలువు చీలికలు. ఊళ్ళో బొమ్మలకేం కొదవ లేదు, జాతరలో రేకు మోటార్లు దొరికేవి. కానీ అవి ఏ బండిలానూ ఉండేవి కావు. నాకు అచ్చం ఆ జీపే కావాలి, అన్నీ అంతే ఉండాలి, చిన్నగా ఉండాలి. ఆ కోరిక ఎక్కడినుంచి పుట్టిందో చెప్పలేను కానీ పట్టుకున్నాక వదల్లేదు, ఇప్పటికీ వదల్లేదు.

జీపు డ్రైవరు ఖాజా మామ మంచివాడు. నేను దాని చుట్టూ తిరుగుతూ జానలు పెడుతుంటే, "ఏంది బిడ్డా, మా జీపుకు అంగీ కుట్టిస్తవా?" అని ఆటపట్టించాడు. మన చేతిలో జానకు పన్నెండు వేళ్ళ వెడల్పు అని మా తాత చెప్పిన లెక్క గుర్తుండి, జీపు మీద ఒక జాన ఉన్నచోట నా బండి మీద ఒక వేలు ఉంటే చాలనుకున్నాను. పొడవు ఇరవై జానలు, కాబట్టి నా జీపు ఇరవై వేళ్ళు. నోటు పుస్తకం వెనుక పేజీలన్నీ అవే అంకెలు. కానీ పైకప్పు నాకు అందక ఎత్తు మాత్రం ఖాజా మామతో కొలిపించాను, ఆయన చెయ్యేమో చేటంత, జానలు తక్కువొచ్చాయి! అట్టతో చేసిన మొదటి జీపు గూనివాడిలా తయారైంది. రెండు రోజులు ఏడ్చి, ఏడుపు అయ్యాక తప్పు తెలుసుకున్నాను: బండి ఒక్కటి, చెయ్యి కూడా ఒక్కటే ఉండాలి. మళ్ళీ వెళ్ళి, ఖాజా మామ భుజం ఎక్కి కప్పుకు నేనే జానలు పెట్టాను.

ఈసారి జీపు ఒళ్ళు చాయ్ పత్తా పెట్టె పలక, కప్పు విరిగిన గొడుగు గుడ్డ, ఇరుసులు సైకిల్ పుల్లలు, టైర్లు సూదిమందు సీసాల రబ్బరు మూతలు ఒకదాని మీదొకటి అతికించినవి, అద్దం దవాఖానలో పారేసిన ఎక్స్‌రే కాగితాన్ని కడిగి తీసినది. అతుక్కి తుమ్మ జిగురు. కోతకు సగం విరిగిన హెక్సా బ్లేడు, నునుపుకు గాజు పెంకు. ఎన్నిసార్లు వేళ్ళు కోసుకున్నానో! అవ్వ పసుపు అద్దుతూ, "మొగపిలగాండ్లకు లేని సోకులు నీకేందే" అనేది, అంటూనే పాత రవికె హుక్కులు నా డబ్బాలో వేసేది, తలుపు గొళ్ళాలకు పనికొస్తాయని.

అంతా అయ్యింది, ముక్కు మీద బిళ్ళ ఒక్కటి మిగిలింది. అసలు జీపు ముందు ఏదో కంపెనీ గుర్తు ఉండేది. నా జీపుకూ ఏదో ఒక గుర్తు కావాలి. ఒక రోజు బాపుకు అన్నం పెట్టి వస్తుంటే, పగిలిన దుంగల చివర్లు కోసి కుప్పపోసిన చోట ఒక పలచటి టేకు పలక కనిపించింది. దాని మీద ఠప్పా, కింద నంబరు, ఎంత ముద్దుగా ఉన్నాయో! అటూ ఇటూ చూసి దాన్ని ఖాళీ గిన్నెలో పెట్టి మూత బిగించాను. గేటు దగ్గర బాపు ముగ్గురు కూలీల సంచులు వెతుకుతున్నాడు. నన్ను చూసి, "నడువు బిడ్డా, ఎండ" అన్నాడు. అందరి సంచులూ చూసే మనిషి నా గిన్నె ఒక్కటి చూడలేదు.

మా తెలుగువాళ్ళం పొలాల పండుగ అంటాం, శ్రావణ అమావాస్యకు ఎద్దులకు కొమ్ములు దిద్ది పూజ చేస్తాం. ఆ మర్నాడు మరాఠీవాళ్ళకు తాన్హా పోళా, పిల్లల పొలాల అన్నమాట. పిల్లలందరూ చక్రాలున్న కర్ర ఎద్దుల్ని తాళ్ళతో లాక్కుంటూ వస్తారు, పెద్దలు చూసి మెచ్చి మిఠాయిలు పెడతారు. ఆ ఏడు అటవీ శాఖ కాలనీ మైదానంలో పెట్టారు. ఎద్దులన్నిటి నడుమ నా జీపు! బిళ్ళకు ఆముదం రాసి మెరిపించాను కూడా. కాలనీ ఆడవాళ్ళు గరిజెల పళ్ళేలు పట్టుకుని గుంపుగా వచ్చారు, "జీపు చూడండి, అచ్చం సాహెబ్ జీపే" అని ఒకటే సందడి. నా ఒళ్ళు తేలిపోతోంది. అప్పుడు చూశాను, మైదానం అంచున నిలబడ్డ బాపు ముఖం. ఆయన చూపు జీపు మీద లేదు, దాని ముక్కు మీద ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క క్షణంలో నాకు అంతా అర్థమైంది. ఆ వానకాలం డిపోలో నాలుగు దుంగలు మాయమై, దొంగెవరో తెలియక అందరినీ అనుమానంగా చూస్తున్న రోజులవి.

రేంజర్ సాబ్ వంగి జీపు చేతిలోకి తీసుకున్నాడు. చక్రం తిప్పాడు, తలుపు తెరిచి మూశాడు, మురిసిపోయాడు. తరువాత దాన్ని తనవైపు తిప్పుకున్నాడు. నవ్వు ఆగింది. బొటనవేలితో ఠప్పాను తడిమి, "హే కుఠూన్ ఆణ్ల?" అన్నాడు, ఇది ఎక్కడినుంచి తెచ్చావని. చుట్టూ ఎద్దుల గజ్జెలు కూడా ఆగిపోయినట్టనిపించింది. నేనే తెచ్చాను, గిన్నెలో పెట్టుకుని తెచ్చాను, ఈ రెండు ముక్కలు చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. బాపు గుంపును తోసుకుంటూ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నేనే తెచ్చిన సాబ్. పిల్లకేం ఎర్కలేదు."

చెప్పులు దులిపే మనిషి, ఊరందరి ముందు ఆ మాట అన్నాడు. నేను ఆయన వీపు వెనుక నిలబడి ఆయన అంగీ అంచు పట్టుకున్నాను, నోరు మాత్రం తెరవలేదు. పదకొండేళ్ళ పిల్లవు, భయపడ్డావు అని మా ఆయన ఇప్పటికీ సర్దిచెబుతాడు. భయపడ్డాను నిజమే, కానీ అదొక్కటే కాదు. జీపు ఇంకా సాబ్ చేతిలోనే ఉంది, నేను దొంగనని తెలిస్తే అది తిరిగి ఇవ్వరేమోనని కూడా అనిపించింది. ఛీ, ఎంత పాడు బుద్ధి!

మూడు రోజులు బాపును డ్యూటీకి రావద్దన్నారు. ఇద్దరు గార్డులు వచ్చి మా దర్వాజా, రోకలి, మంచం కోళ్ళు అన్నీ టేకేమోనని గీకి చూశారు. అవ్వ పొయ్యి వెలిగించింది కానీ ఏం వండిందో గుర్తులేదు, ఎవరమూ తినలేదు. జైలు అనే మాట ఇంట్లో ఎవరూ అనలేదు, బజారులో అందరూ అన్నారు. చివరికి ఆ ఠప్పా కింది నంబరే బాపును కాపాడింది: ఆ నంబరు దుంగ డిపోలోనే భద్రంగా ఉంది, పగిలిన చివర కోసేసి మళ్ళీ కొత్త ఠప్పా కొట్టామని కోతవాళ్ళు సాక్ష్యం చెప్పారు. దొంగతనం కాదని తేలింది. అయినా అడగకుండా తెచ్చినట్టు ఒప్పుకున్నాడు కదా, డిపో చౌకీదారు పని తీసేసి పెర్మిలి ఊరు దాటి భామ్రాగడ్ వైపు, చెట్లు కొట్టే అడవి కూపుకు పంపేశారు. జీపు సాబ్ దగ్గరే ఉండిపోయింది.

బాపు వెళ్ళిన నాలుగో నాడే వానలు ముంచెత్తి తోవలు తెగాయి. అక్కడ చలిజ్వరాలని, పడవ మునిగిందని, ఎవరో చౌకీదారు పోయాడని రోజుకో కబురు. బతుకమ్మకు ఏటా బాపే తంగేడు పువ్వు తెచ్చేవాడు, ఆ ఏడు అవ్వ చిన్న బతుకమ్మను పేర్చి, ఆడకుండానే నీళ్ళలో వదిలింది. బడి నుంచి రాగానే నేను బస్సులాగే చోట నిలబడేదాన్ని, కళ్ళల్లో వత్తులు వేసుకుని ప్రతి లారీనీ చూసేదాన్ని. బాపు వస్తే అంతా చెప్పేస్తానని, సాబ్ దగ్గరికి కూడా పోయి చెబుతానని ఒట్టు పెట్టుకున్నాను. బాపు ఒక్కసారి రానీ అని మొక్కని దేవుడు లేడు.

దీపావళి దాటాక ఒక పొద్దున లారీ దిగాడు. సగం మనిషి అయ్యాడు, కళ్ళు పచ్చగా ఉన్నాయి, చంకలో గోనె చుట్టిన బారెడు కట్ట ఉంది. ఇంట్లోకి రాగానే విప్పాడు. తెల్లగా, దూదంత తేలికగా, నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర. దానితోపాటు జేబులోంచి నాలుగు మడతల కాయితం తీశాడు. అడవిలోంచి కర్ర తేవడానికి సర్కారు ఇచ్చే పాసు, ముద్రతో సహా. దాన్ని తోవ పొడుగునా ప్రతి తనిఖీ నాకా దగ్గరా చూపించుకుంటూ వచ్చాడట.

"ఇది మనది బిడ్డా. కాయితం ఉన్నది. ఎవ్వలడిగినా చూపియ్యి" అన్నాడు.

నేను పెట్టుకున్న ఒట్టు గొంతులోనే ఉండిపోయింది. ఎందుకు చెప్పలేదని ఆయన ఎన్నడూ అడగలేదు, నేనూ ఆయన పోయేదాకా చెప్పలేదు. ఇప్పుడు నా కార్ల పెట్టెల కింద, రంగు డబ్బాల అడుగున ఆ పాసు ఉంది. ఏ అవసరానికి అన్న గడిలో ఎవరో గుమాస్తా మరాఠీలో రాశాడు: ములీచ్యా గాడీసాఠీ. బిడ్డ బండికోసం అని.

ఇప్పుడు ఆ డిపో గేటు లేదు, ఆ పచ్చ జీపు ఏ పాత ఇనుములో కరిగిందో, నా జీపు ఎవరి అల్మరాలో ఉందో. ప్రాణహిత మీద వంతెన పడ్డాక మంచిర్యాల నుంచి పొద్దున బయల్దేరితే ఎండెక్కకముందే సిరొంచ చేరుతున్నాను, చేరి చూడటానికి బాపు లేడు, అవ్వా లేదు. దుకాణాల్లో ఇప్పుడు బుల్లి కార్ల ముక్కలన్నీ కోసి, నంబర్లు వేసి అమ్ముతారు, జాన పెట్టే పనే లేదు. నేను కట్టిన ఏ కారుకూ ముందు బిళ్ళ పెట్టలేదు, చూసినవాళ్ళు మరిచిపోయానేమో అనుకుంటారు.

వడ్రంగి ఇంకా చెయ్యి చాపే ఉన్నాడు. "ఏందక్కా, చిన్నదా? పెద్దది ఇయ్యన్నా?"

"కాయితం రాసిస్తవా తమ్మీ?" అన్నాను.

అతను నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. పనికిరాని గరుకు కాగితం ఒకటి వెతికి వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. చెవి మీది పెన్సిలు తీసి, "ఏమని రాయాలె?" అన్నాడు.

"బిడ్డ బండికి అని రాయి."