జెనన్ కుల్పా, లోరెట్టా, విరిగిన గొడుగు ఊచ

జెనన్ కుల్పాకి పక్క ఊరు సిసెరోలో ఇంకో సంసారం ఉందని మా వీధిలో చెప్పుకునే మాట శుద్ధ అబద్ధం. దాన్ని మొదట పుట్టించింది కింది వాటా హాలినా. మూడు వీధులు దాటించింది నేను. కాబట్టి సరిదిద్దే పూచీ కూడా నాదే.

జెనన్ ఇరవై నాలుగేళ్ళుగా చికాగోలో సిటీ బస్సు తోలుతున్నాడు. మనిషి మంచివాడు, మాటే పొదుపు. ఏ వస్తువుకీ పేరు పెట్టడు, అన్నీ 'అదే'. "ఇర్కా, అదెక్కడ?" అంటే ఉప్పు కావచ్చు, బూటు కావచ్చు, సుత్తి కావచ్చు. వాళ్ళావిడ ఇర్కా పెళ్ళిగౌన్లు కుట్టే మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా, అతను అలా అడిగినప్పుడల్లా కుట్టు ఆపి, మూడూ ఒక్కసారే పట్టుకొచ్చేది.

అలాంటివాడు ఆ చలికాలం గడ్డం గీసుకుంటూ గలగలా మాట్లాడటం మొదలుపెట్టాడు. నీళ్ళగొట్టం వెంట ఆ మాటలు హాలినా స్నానాలగదిలోకి దిగేవి. ఒకరోజు ఆవిడ తడిజుట్టుతోనే మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"బ్రోన్యా పిన్నీ, జెనన్ ఎవరితోనో అంటున్నాడు! 'లోరెట్టా, ఆ ఆకుపచ్చ కోటు వద్దు, మూడో గుండీ ఊడితే మీ నాన్న పటాలం గుండీ కుట్టావు' అని!"

"ఎవరే ఈ లోరెట్టా?"

"ఎవరైతేనేం? గుండీ దాకా తెలుసంటే ఆలోచించుకో!"

ఆలోచించుకున్నాను. ఆలోచించుకుని, కేకు గిన్నె తిరిగిచ్చే నెపంతో ఇర్కా వంటింట్లో కూర్చున్నాను. అప్పటికే ఆ కబురు ఇర్కా దాకా వచ్చేసింది. జెనన్ యూనిఫారం విప్పకముందే ఆవిడ నిలదీసింది.

"ఎవరా లోరెట్టా?"

జెనన్ నోరు తెరిచాడు. వద్దు, తెరవకు నాయనా అని నా మనసు అరుస్తూనే ఉంది.

"సిసెరోలో కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. ఎడమచేతి వాటం."

"ఎప్పటినుంచి?"

"మార్చి పదకొండు నుంచి. వాన పడుతోంది. పసుపు గొడుగు, ఒక ఊచ విరిగింది."

ఇర్కా చేతిలో గరిటె ఆగిపోయింది. జెనన్ తన మాటలు తనే విని ఉలిక్కిపడ్డాడు. "ఇర్కా, ఆట! ఉత్త ఆట!" అని మొత్తుకున్నాడు. విరిగిన ఊచతో సహా ఎవరైనా ఆటలాడతారా? ఆ సాయంత్రమే ఇర్కా కుట్టుమిషను టాక్సీలో వేసుకుని చెల్లెలింటికి వెళ్ళిపోయింది. "మంగళవారం మంగళవారం యూనియన్ మీటింగట, పిన్నీ! ఇక ఈ గడప తొక్కను," అంది.

జెనన్ ఏడుపుమొహంతో బస్సు తోలుతున్నాడు. నాకేమో లోరెట్టాని చూడాలి. వచ్చే మంగళవారం, ఆరింటికి, అతని వెనకాలే నడిచాను. సారాకొట్టు పక్క మెట్లెక్కాడు. నేనూ ఎక్కాను. పైన గదిలో పది కుర్చీలు, ఒక టపా బంట్రోతు, ఒక నర్సు, ఇద్దరు కాలేజీ పిల్లలు, మధ్యలో ఎర్రజుట్టు అమ్మాయి కోరీన్. స్టేజీ మీద అప్పటికప్పుడు నాటకాలు అల్లడం నేర్పుతుందట.

"నాకో పండు కావాలి," అన్నాడు బంట్రోతు. కోరీన్ చప్పట్లు కొట్టింది. "ఏ పండు?"

"బేరిపండు." మళ్ళీ చప్పట్లు. "ఏ బేరిపండు?"

"మా అత్తగారు కూర్చున్న బేరిపండు!"

గదంతా గొల్లుమంది. అదీ వాళ్ళ పద్ధతి. చప్పట్లు పడితే ముందుకన్నా వివరంగా చెప్పాలి. ఎవరేమడిగినా కాదనకూడదు, తెలీదనకూడదు, ఇంకొకటి చేర్చాలి. లోరెట్టా అంటే జెనన్ ఆటలో కళ్ళద్దాలు అమ్మే ఆవిడ, అంతే. గడ్డం గీసుకుంటూ అతను చేసింది ఆ ఆట సాధనే. వేషం వేసేది నర్సు, ఆవిడకి అరవై దాటాయి! పాపం జెనన్, వంటింట్లో పెళ్ళాం అడిగితే అలవాటు కొద్దీ ఇంకొకటి, ఇంకొకటి చేర్చుకుంటూ పోయాడు.

"మీరెవరండీ, తలుపు దగ్గర?" అంది కోరీన్.

"పెళ్ళికొచ్చాను," అన్నాను, నోటికొచ్చింది. చప్పట్లు! "ఎవరి పెళ్ళి?" "మా ఆడపడుచు మూడో పెళ్ళి!" చప్పట్లు! "ఏం జరిగింది?" "పందిమాంసం పళ్ళెం జారి పాదిరిగారి ఒళ్ళో పడింది! ఆవాల ముద్దతో సహా!" నన్ను కూర్చోనిస్తేనా? అరగంట ఆడించారు. నవ్వీ నవ్వీ నా పక్కటెముకలు నొప్పెట్టాయి.

మర్నాడే వెళ్ళి చెల్లెలింట్లో ఇర్కాకి అంతా చెప్పాను. "నిన్నూ కొనేశాడా పిన్నీ?" అంది. మరో మంగళవారం ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించేసరికి నా ప్రాణం పోయింది. ఇర్కా కోటు విప్పలేదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, తీర్పు చెప్పే జడ్జీలాగా కూర్చుంది.

ఆవిణ్ణి చూసిన జెనన్ గోడకి అతుక్కుపోయాడు. నర్సు ఆట ఎత్తుకుంది. "మీ ఆవిడకి ఏం కొంటారండీ?"

"అదే... ఏదో..." చప్పట్లు. "ఒక వస్తువు." చప్పట్లు. "మంచిది."

అందరూ పగలబడి నవ్వారు. ఇర్కా లేచి నిలబడింది. "లోరెట్టాకి గొడుగు ఊచ దాకానా? నాకు 'మంచిది'నా? నేను పోతున్నా, పిన్నీ."

ఆవిడ తలుపు దాకా వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ గొట్టాల్లోంచి దిగిన మాటలు నమ్మాను, వెంబడించాను, గిన్నెలు మోశాను, కానీ అసలు మాట అతన్నే ఎవరూ అడగలేదు.

"ఒరేయ్ జెనన్, ఇదంతా ఎందుకు నేర్చుకుంటున్నావురా?"

జెనన్ బూట్లకేసి చూశాడు.

"పోయిన ఆగస్టులో సరస్సు ఒడ్డున జనంలో ఇర్కా తప్పిపోయింది, పిన్నీ. నలభై నిమిషాలు. పోలీసాయన కాగితం తీసి, ఏం వేసుకుందని అడిగాడు. 'బట్టలు' అన్నాను."

తలుపు దగ్గర ఇర్కా ముక్కులోంచి ఏదో చప్పుడొచ్చింది. వెనక్కి వచ్చి, అతని పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. పెదవులు బిగబట్టినా గడ్డం వణుకుతోంది.

"ఇంకేం అడిగాడు?"

"నీ కళ్ళ సంగతి అడిగాడు."

"ఏం చెప్పావు?"

"రెండున్నాయని చెప్పాను, ఇర్కా."