అక్క పట్టే బండి

అక్క కోసం నలభై బండ్లు చూశానని, జగిత్యాల నుంచి కోరుట్ల దాకా నేను ఎక్కి దిగని జీపు లేదని, చివరికి తూటాల మధ్య నుంచి అక్కను పండబెట్టుకుని తెచ్చానని నా దగ్గర కూర్చున్న వాళ్లందరికీ చెప్పాను. నలభై కాదు, మూడు. తూటాలు లేవు. ఈ వయసులో ఏ అబద్ధం ఎవరికి చెప్పానో గుర్తుపెట్టుకోవడం కష్టమైపోయింది. అందుకని ఉన్నది రాస్తున్నాను.

నక్సలైట్ల కాలం అది, మా పక్క వాళ్లను అన్నలంటాం. మా సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. నాకు అప్పుడు ఇరవై నాలుగు సాంచెలు. కాదు, పన్నెండు. అందులో రెండు ఎప్పుడూ ఆగే ఉండేవి.

ఒక సోమవారం మధ్యాహ్నం బావ తమ్ముడు షెడ్డులోకి వచ్చాడు. బావ అంటే మా అక్క పెనిమిటి. వాళ్లది బీర్పూర్ అవతల ఒక పల్లె. సాంచెల చప్పుడులో అతను ఏదో అంటున్నాడు, నాకు పెదవులే కనిపిస్తున్నాయి. ఏందిరా అని అరిచాను. అతనూ గొంతు చించుకుని అరిచాడు.

"వదినె మంచె మీదికెల్లి పడ్డది బావా!"

సాంచెలు ఆపించాను. మక్క చేనులో చిలుకలను తోలడానికి అక్క మంచె ఎక్కిందట. కట్టిన తాడు తెగింది. నడుము దెబ్బతింది. ఊళ్లో సూదులు వేసే డాక్టర్ చూసి, లేపొద్దు, కూచోబెట్టొద్దు, వంగనీయకుండా చెక్క మీద తిన్నగా పండబెట్టి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడట.

"కాళ్ల వేళ్లు ఇంక కదులుతున్నయి బావా. గవి కదులుతున్నన్ని దినాలే ఆశ అన్నడు."

అమ్మ పోయిన నాటికి నాకు ఐదేళ్లు, అక్కకు పద్నాలుగు. నాకు అన్నం కలిపి పెట్టింది, తలకు పోసింది, దొంగతనంగా బెల్లం తింటే కొట్టింది, కొట్టాక మళ్లీ బెల్లం పెట్టింది అక్కే. అలాంటి అక్క రెండు కాళ్లు ఇప్పుడు ఎన్ని రోజులుంటాయో తెలియదు.

ఆ పక్క పోలీసుల కూంబింగ్ నడుస్తోంది, బస్సులు బంద్. బావ తమ్ముడు సైకిల్ మీద జగిత్యాల దాకా వచ్చి అక్కడ బస్సు పట్టుకున్నాడు. ఎడ్లబండి కుదుపుకు నడుము మిగలదు. కిరాయి కార్ల వాళ్లను ఐదుగురిని అడిగాను. ఊరి పేరు చెప్పగానే ఒకడి కారు ఇంజన్ చెడిపోయింది, ఒకడి అత్త చచ్చిపోయింది. వస్తానన్నా కారు వెనుక సీటులో మనిషి తిన్నగా పట్టదు. మా ఇంట్లో పిల్లాపెద్దా పదకొండు మందిమి. ఒక పెద్ద బండి కొనమని మా ఇంటామె ఎన్నాళ్ల నుంచో పోరుతూనే ఉంది. కొనేద్దాం అనుకున్నాను.

"నువ్వు ఒకపారి వచ్చి చూద్దువు బావా," అన్నాడతను.

"చూసుడేంది? బండి తీస్కొనే వస్తా. నువ్వు పో."

అక్కడున్న పనివాళ్లంతా, ఎంత గుండె ధైర్యం అన్నట్టు నన్ను చూశారు. అసలు సంగతి వేరే. ఒంటరిగా ఆ ఊళ్లకు పోయే మగవాణ్ణి, దళానికి అన్నం మోస్తున్నావా అని పోలీసులు ఆపుతారు, ఎవరు పంపితే వచ్చినవ్ అని అన్నలు ఆపుతారు. నాకు భయం. భయమని చెప్పడానికి సిగ్గు. బండి కొనేదాకా పోనక్కర్లేదన్న నెమ్మది ఆ రోజు నా కడుపులో ఉంది.

కొత్తదా, పాతదా అని ఇంట్లో మాట నడిచింది. "కొత్తదైతే దొర అయినవనుకుంటరు, పైసలియ్యుమని అన్నల చిట్టీ వస్తది. పాతదైతే ఎవనిదో ఏందోనని పోలీసోల్లు దింపుతరు," అంది మా ఇంటామె. "ఏదైతేంది గని జెల్ది తే. పొడుగున్నది తే."

పొడుగు! ఆ మాట పట్టుకున్నాను. నేతవాణ్ణి, టేపు నాకు ఎందుకు? నాలుగు పోగులు కలిపి పేని, అక్క పొడుగున ఒక దారం కోసి, జేబులో పెట్టుకున్నాను. బండి వెనుక తలుపు నుంచి ముందు సీటు వీపు దాకా దారం పరిస్తే తెలిసిపోతుంది అక్క పడుతుందో లేదో.

మంగళవారం జగిత్యాల. కొత్త బండ్లు తెప్పించి అమ్మే సేటు దుకాణం ముందు తెల్లటి పొడుగు బండి ఒకటి నిలబడి ఉంది. పది మంది పడతారు. సీట్లకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా ఊడదీయలేదు. ఎక్కి కూర్చున్నాను. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పాను. అద్దంలో మీసం చూసుకున్నాను. ఇందులో టేప్‌రికార్డర్ పెట్టిస్తారా అని అడిగాను. అక్క చెక్క మీద ఉంది, నేను టేప్‌రికార్డర్ అడిగాను. ఈ ముక్క ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

తర్వాత దారం తీసి పరిచాం. సీట్లు తీసేసినా బెత్తెడు తక్కువ వచ్చింది.

"ఎవలిదే గీ కొలత?" అన్నాడు సేటు.

"మా అక్కది."

"అక్కనా, తాటిచెట్టా? మంచిగ కొలిసినవా?"

"కొలవకుంట గాలిలకెల్లి తెచ్చిన్నా?" అని ఎగిరాను. సేటు నోరు మూసుకున్నాడు. నేను బస్సెక్కాను.

బుధవారం కోరుట్ల. దుబాయి నుంచి తిరిగొచ్చిన ఒకాయన మోజు పడి కొన్న బండిని ఒక బ్రోకరు దగ్గర అమ్మకానికి పెట్టాడు. ఆకాశం రంగు, లోపల మెత్తటి కార్పెట్, గీత పడలేదు. బ్రోకరు చెప్పులు విప్పి లోపలికెక్కి, గుడిలోకి పిలిచినట్టు నన్ను పిలిచాడు. దారం పరిచాను. జానెడు తక్కువ.

"జర మూలకు పండవెడ్దాం సేటు," అన్నాడు.

"తిన్నగ పండవెట్టాలన్నడు డాక్టరు. వంకర పోతే కాళ్లు పోతయి."

"అయితే కొలత మల్లొకపారి తీయరాదు? నాకెందుకో..."

"మా అక్క ఎంతుంటదో నాకు తెల్వదా?"

గురువారం పొద్దున బావ తమ్ముడు మళ్లీ సిరిసిల్ల వచ్చాడు. ఈసారి అరవలేదు.

"ఇగ ఒక్క బొటనవేలే బావా. కుడికాలుది."

మా ఇంటామె అతనికి అన్నం పెట్టి నా ముందుకొచ్చి నిలబడింది. "ఇంకెన్ని కొలుస్తవు? గా నీలం బండే తీస్కొని పో."

"జానెడు తక్కువున్నది."

"మోకాళ్ల కింద దిండు వెట్టుకుంటది. ఆమె మనిషే గదా, బట్టల తానైతె కాదు గదా!"

పోనూ లేను, కాదనలేను. దారం తీసి బల్ల మీద నాలుగుసార్లు పరిచి చూశాను. మారుతుందా? శుక్రవారం బంద్, ఒక్క చక్రం తిరగలేదు. ఆ రోజంతా సాంచెలు కూడా ఆపి షెడ్డులో కూర్చుని నా కుడికాలి బొటనవేలు కదిలించి చూసుకుంటూ ఉన్నాను. ఎంత సులువుగా కదులుతుందో!

శనివారం మళ్లీ కోరుట్ల. బ్రోకరు దొడ్డి వెనుక ఒక ముసలి జీపు ఉంది. రంగు గీకేశారు, అక్కడక్కడ పచ్చ మరకలు మిగిలాయి. వెనుక భాగం పొడిగించి ఉంది.

"గది నీకొద్దు సేటు. పోలీసోల్లది, వేలంల కొన్న. జవాన్లు పట్టాలని వెనక పొడుగు చేయించిండ్రు. ఊళ్లల్ల దాని సప్పుడుకే గుర్తువడుతరు. నీలం బండి ఇంకా గక్కడనే ఉన్నది, నా మాటిను."

దారం పరిచాను. ఇంకా నాలుగు వేళ్ల చోటు మిగిలింది. ఐదు రోజుల్లో మొదటిసారి ఊపిరి వదిలాను. అదే తీసుకున్నాను. అక్కడే ఒక ముసలి డ్రైవర్ను కూడా మాట్లాడుకున్నాను. అందరూ ఆయన్ను చాచా అంటారు.

ఆదివారం పొద్దెక్కాక బయల్దేరాం. అడవి మొదలయ్యే చోట పోలీసుల చెక్‌పోస్టు. నేను ఈ చెక్‌పోస్టును ఎన్నో రకాలుగా చెప్పాను. ఒకసారి ముగ్గురు తుపాకులు గురిపెట్టారు, ఒకసారి నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. అక్కడ ఒకే ఒక్క పోలీసు స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మా జీపును వాళ్ల జీపే అనుకున్నట్టున్నాడు, గ్లాసు దింపకుండా చెయ్యూపాడు. ఆరు రోజులు నన్ను అక్క దగ్గరికి పోనీయకుండా కట్టేసింది ఆ గ్లాసే.

ఊరు దగ్గర పడుతుండగా చాచా అన్నాడు: "హారన్ కొట్టుకుంట పోదాం సేటు. పోలీసోల్లు హారన్ కొట్టరు. కొడితే మనోల్లని తెలుస్తది."

"వద్దు చాచా, సప్పుడు చెయ్యకు. అన్నలుంటరు."

చాచా నన్ను ఒకసారి చూసి హారన్ మీది చెయ్యి తీశాడు.

ఊళ్లో ఎవరూ లేరు. పొయ్యి మీద గంజి పొంగుతోంది. ఒక వాకిట్లో సగం చాటెడు బియ్యం చెరిగి వదిలేశారు. ఒక మేక తాడు ఈడ్చుకుంటూ తిరుగుతోంది. మా జీపు చప్పుడు విని ఊరు ఊరంతా చేలల్లోకి ఉరికింది. బావ ఉరికాడు, బావ తమ్ముడు ఉరికాడు. లేవలేని మనిషి ఒక్కతే మిగిలింది. అక్క ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపలి చీకట్లోంచి గొంతు వచ్చింది.

"ఎవలు లేరు సారూ. నేనొక్కదాన్నే ఉన్న. నాకు లేవరాదు సారూ... కొట్టకుండ్రి."

నన్ను పెంచిన మనిషి నన్ను సారూ అంటోంది. చాచానే పలికాడు: "అమ్మా, మీ తమ్ముడమ్మా. సిరిసిల్లకెల్లి వచ్చిండు."

"తిన్నవారా?" అంది అక్క.

చెక్కను నలుగురు నాలుగు మూలలా ఒకేసారి లేపాలి. ఉన్నది ఇద్దరం. చాచా జీపు తీసుకుని చేల గట్ల వెంట హారన్ కొట్టుకుంటూ, "రాండ్రి, మనోల్లమే" అని కేకలేస్తూ తిరిగాడు. ఎవరు నమ్ముతారు? నేను అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాను. కుడికాలి బొటనవేలు చేతిలోకి తీసుకున్నాను.

"కదిలియ్యి అక్కా."

"కదిలిస్తున్న గదరా."

వేలు కదల్లేదు.

"పొద్దుగాల కదిలిందిరా. మీ బావ చూసిండు," అంది. నేను, కదిలింది అక్కా, ఇప్పుడే కదిలింది అన్నాను. నా బతుకులో నేను పెంచి చెప్పిన మాటల్లో అదే అన్నిటికంటే పెద్దది.

పొద్దు వాలుతుంటే ఒక్కొక్కరే చేలలోంచి తలలు పైకెత్తారు. అందరికంటే చివర బావ వచ్చాడు. నన్ను చూసి, జీపును చూసి, పోయి చెక్క ఒక మూల పట్టుకున్నాడు. నలుగురూ చెక్క ఎత్తి జీపులో పెట్టారు. అక్క తల పైన మూరెడు చోటు ఖాళీగా మిగిలింది. గుంత వచ్చినప్పుడల్లా చెక్క ఆ ఖాళీలోకి జరుగుతోంది. జరగకుండా నేనే ఆ మూరెడు చోట్లో ముడుచుకుని కూర్చున్నాను, హైదరాబాద్ దాకా, అక్క తల రెండు చేతుల్లో పట్టుకుని. తూటాల మధ్య నుంచి జీపు నడిపానని చెప్పేది ఈ ప్రయాణమే. నాకు జీపు నడపడం రాదు.

దవాఖానాలో పెద్ద డాక్టర్ బావతో, రెండు మూడు రోజులు ముందు తెస్తే బాగుండేది అన్నాడు. బావ తల వంచుకుని, బస్సులు లేవు సార్ అన్నాడు. నేను గోడ వైపు తిరిగాను.

అక్క బతికింది. కాళ్లు రాలేదు. నాలుగు నెలల తర్వాత కూర్చోగలిగింది. బావ ఒప్పుకున్నాక మా ఇంటికే తెచ్చుకున్నాం. బావ పంట పని లేనప్పుడల్లా వచ్చి ఉండేవాడు. అక్క కుర్చీలో కూర్చుని సాంచెలకు కండెలు చుట్టేది. నాకంటే ఎక్కువ చుట్టేది.

ఏడాది దాటాక ఒకరోజు మా ఇంటామె జీపు కడుగుతూ ముందు సీటు కింద ఆ దారం చూసి, ఇదేదో కండెకు పనికొస్తుందని అక్క ఒళ్లో పడేసింది.

"ఇదేందిరా?" అంది అక్క.

"నీ కొలత అక్కా. బండి చూడనీకి తీసుకున్న."

మంచం మీద వెల్లకిలా పండబెట్టించుకుని, ఒక కొస తన మడమ కింద పెట్టించుకుంది. రెండో కొసను తల మీదుగా పరిచి వదలమని నాకు చెప్పింది. దారం తల దాటి, మంచంకోడు దాటి, కింద వేలాడింది. తల పైన మూరెడు ఎక్కువ. అక్క దాన్ని చేత్తో తడిమింది.

"నన్ను చూడకనే కొలిసినవ్."

"అవును అక్కా."

"దేని మీద కొలిసినవ్ మరి?"

చెప్పాను. పాత ఇంట్లో నడి దూలానికి వేలాడే ఉట్టి. నా చిన్నప్పుడు అక్క చెయ్యెత్తితే ఉట్టి మీది కుండ దిగేది. ఇప్పటికీ ఆ దూలం ఆ ఇంట్లోనే ఉంది. దాని కింద నిలబడి, అక్క తల ఎక్కడిదాకా వచ్చేదో తలుచుకుని, అక్కడికి దారం కోశాను; పెద్దయ్యాక ఎన్నిసార్లు చూసినా అక్క అంటే నాకు ఆ పొడుగే.

అక్క నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "పీట ఏసుకొని దింపేదాన్నిరా. నువ్వు కిందికెల్లి కుండనే చూస్తుంటివి, పీటను చూడకపోతివి."

మా ఇంటామె తలుపు దగ్గరే ఆగిపోయింది. అక్క దారం చుట్టుకుంటూ, చుట్టుకుంటూ అంది.

"రెండుపార్లు మా మరిది వచ్చె గదరా నీ దగ్గరికి. నా కొలత పంపుమని ఒక్క మాటంటె పంపకపోదునా? మా ఇంట్ల తాడు లేదా?"