గుమ్మడికాయ పథ్యం

మా షాపులో మందు తీసుకుని తిన్నగా ఇంటికి పోయిన మనిషిని నేను చూడలేదు. పొట్లం చేతికి అందాక రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి, “పథ్యం ఏమి సామీ?” అని అడిగేవాళ్లు. జ్వరం మాత్రకైనా అదే ప్రశ్న, గజ్జి మందుకైనా అదే ప్రశ్న. ఒంటికి పూసుకునే మందుకు పథ్యమేమిటని నాకు ఒళ్లు మండేది. మా నాయనకు మండేది కాదు. వంకాయ మానమని చెప్పి పంపించేవాడు.

ఇది డెబ్బైల చివర్లో, చిత్తూరులో. బస్టాండు దగ్గర ఒక సందు మొదట్లో మా మందుల షాపు. నేను తిరుపతిలో ఫార్మసీ డిప్లొమా పూర్తి చేసి వచ్చి, బల్ల వెనక నాయన పక్కన నిలబడ్డాను. అప్పట్లో మాత్రలు చాలావరకు డబ్బాల్లో విడిగా వచ్చేవి. లెక్కపెట్టి, కాగితంలో పొట్లం కట్టి ఇవ్వాలి. చదువు రానివాళ్లకు పొట్లం మీద నాయన పెన్సిలుతో సూర్యుడినో నెలవంకనో గీసి ఇచ్చేవాడు. మిక్చరు సీసాకు గాట్లు పెట్టిన కాగితం చీలిక అంటించి, పూటకు ఒక గాటు దిగాలని వేలితో చూపించేవాడు. చెప్పిందంతా తిరిగి వాళ్ల నోటితోనే చెప్పించుకునేవాడు. తడబడితే పొట్లం ఇచ్చేవాడు కాదు, మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేవాడు. అంత ఓపిక నాకు ఇప్పటికీ రాలేదు.

మా ఇద్దరికీ గొడవంతా పథ్యం దగ్గరే. కొన్ని పథ్యాలు నిజమైనవే. టెట్రాసైక్లిన్ గొట్టం మాత్రలు పాలతో మింగకూడదు. నొప్పి మాత్ర పరగడుపున వేసుకోకూడదు. అమీబా విరేచనాలకు వాడే మాత్రలు మింగేవాళ్లు సారాయి ముట్టకూడదు. వీటిలో మాకు పేచీ లేదు. అయితే ఏ పథ్యమూ అక్కర్లేని మందులకు కూడా ఆయన ఒకటి తగిలించేవాడు. ఒకరికి వంకాయ, ఒకరికి చేమగడ్డ, ఇంకొకరికి ఎండుచేప.

నేను వచ్చిన కొత్తలో ఒక రైతు దగ్గు మందుకొచ్చాడు. పథ్యమేమీ లేదు, అన్నీ తినొచ్చు అని చెప్పాను. అతను పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టేశాడు.

“అన్నీ తినొచ్చంటే ఇది మందెట్ల అయితాది మా? మీ నాయన్ని పిలువు,” అన్నాడు.

నాయన వచ్చి చేమగడ్డ మానమన్నాడు. రైతు సంతోషంగా పొట్లం తీసుకుని పోయాడు. ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చోగానే నాయనతో పోట్లాడాను. చదువుకున్నవాడివి, తెలిసి తెలిసి ఇన్ని అబద్ధాలు ఎందుకన్నాను.

“అబద్ధమే పాపా. అయితే ఏదో ఒకటి మానుకున్నప్పుడే మందు తింటాండామని వాళ్లకు గుర్తుంటాది. నేనేమన్నా పాలు మానమన్నానా? పప్పు మానమన్నానా? గుడ్డు మానమన్నానా?”

“రేపు ఎవరికన్నా తెలిస్తే ఇంక నీ మాట నమ్ముతారా?”

“సరే, నువ్వు నిజమే చెప్పు. ఎవరు వింటారో చూద్దాం.”

ఎవరూ వినలేదన్నది వేరే సంగతి. నాయన పథ్యం పెట్టినవాళ్లు రోగం కాస్త తగ్గగానే మందు పారేయకుండా, రాసిచ్చినన్నాళ్లూ వాడేవాళ్లు. నేను పథ్యం లేదన్నవాళ్లు మధ్యలోనే మానేసి మళ్లీ దగ్గుకుంటూ వచ్చేవాళ్లు. అది చూసి నాకు బుద్ధి రాకపోగా ఇంకా కోపం వచ్చేది.

సందు చివర వడలు, మిరపకాయ బజ్జీలు వేసి అమ్మే ఆమె ఉండేది. నాయనను అన్నా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. పెళ్లయిన కొత్తలో ఆమెకు మూర్ఛ మొదలైందట. పెద్దాసుపత్రి డాక్టరు ఫినోబార్బిటోన్ రాసిచ్చాడు. రాత్రిపూట వేసుకునే చిన్న తెల్ల మాత్ర. మా షాపులోనే తీసుకునేది. అది వాడడం మొదలుపెట్టాక ఆమెకు మూర్ఛ రాలేదు.

ఆ మాత్రతో ఒక చిక్కుంది. ఉన్నట్టుండి ఆపితే జబ్బు మునుపటి కంటే గట్టిగా మీద పడుతుంది. అది వాడే ఎవరికైనా ఈ మాట చెప్పితీరాలి. ఈమెకు మరీ ముఖ్యం. మధ్యాహ్నం దాటింది మొదలు దీపాలు పెట్టేదాకా ఆమె మరిగే నూనె ముందు కూర్చునే మనిషి. పొయ్యి నేలమీదే. ముందుకు తూలితే ముఖం నేరుగా బాండలిలోనే పడుతుంది. ఆ సందులో నడిచిన ప్రతిసారీ నేను బజ్జీల వైపు కాదు, ఆమె కళ్ల వైపు చూసేదాన్ని.

నాయన ఆమెకు పెట్టిన పథ్యం గుమ్మడికాయ. అది ఆమెకు మొదటినుంచీ అంత ఇష్టం లేదని ఆయనకు తెలుసు. అందుకే అది పెట్టాడు.

ఒక ఎండాకాలం ఆమె సత్యవేడు దగ్గర వాళ్ల చెల్లెలి కూతురి పెళ్లికి పోయింది. తిరిగొచ్చి ఎప్పటిలాగే పొయ్యి వెలిగించింది. మాత్రలకు రావాల్సిన సమయం దాటిపోయిందని నాకు కాస్త ఆలస్యంగా తట్టింది. ఆ ఊళ్లోనే కొనుక్కుందేమో అనుకున్నాను. అయినా మనసు ఒప్పక, ఒక సాయంత్రం బజ్జీలు కొనే నెపంతో పోయాను.

“మాత్రలు ఉండాయా అత్తా?”

“ఉండాయి పాపా, యాడివి ఆడనే ఉండాయి. నిలిపేసినా గదా,” అంది, నూనెలో బజ్జీలు తిప్పుతూ.

ఎందుకు నిలిపావని అడిగాను.

“పెండ్లిలో సాంబారు పోసినారు. తిన్నాక సూస్తే అందులో గుమ్మడికాయ ముక్కలు. పథ్యం చెడిపోయె. చెడినాక మందు మింగితే విషమైతాది గదా. అందుకని నిలిపేసినా.”

ఆ నమ్మకం నాకు కొత్తేమీ కాదు. నాటుమందులు వాడినన్నాళ్లూ మా వైపు అందరూ అనే మాటే అది. పథ్యం తప్పితే మందు ఆపేయాలి, లేకపోతే అదే మనిషిని తినేస్తుంది. ఆ మాట మా షాపు మాత్రకు వచ్చి తగులుకుంటుందని నాకూ తోచలేదు, నాయనకూ తోచలేదు. బాండలిలో నూనె పొగ కక్కుతూ ఉంది. ఆమె దాని మీదికి వంగి మాట్లాడుతూ ఉంది. నాకు చాలా భయం వేసింది.

“అత్తా, ఆ మాత్రకు పథ్యం లేదు. గుమ్మడికాయ తింటే ఏమీ కాదు. నాయన ఊరికే చెప్పినాడు. నువ్వు మాత్ర నిలిపినందుకే ప్రమాదం. ముందు ఆ పొయ్యి ఆర్పు.”

ఆమె కళ్లు చిట్లించి నన్ను చూసింది. “మీ నాయన ఊరికే సెప్పే మనిషి కాదులే పాపా. నువ్వు సదువుకున్నావు గాని సిన్నదానివి. పొయ్యి ఆర్పితే వీళ్లకు నువ్వు పెడతావా?”

బజ్జీల కోసం నిలబడ్డవాళ్లు నవ్వారు. నేను ఇంకేమీ మాట్లాడకుండా షాపుకు పరుగెత్తాను. బల్ల ముందు జనం ఉన్నారన్న ధ్యాస కూడా లేదు. “నీ గుమ్మడికాయ ఆమెను నూనెలో పడేసేట్టుంది, వచ్చి అబద్ధమని చెప్పు,” అన్నాను. జరిగింది చెప్పాను. వ్యాపారం వేళ షాపు వదిలి అడుగు బయట పెట్టని మనిషి, కళ్లద్దాలు బల్ల మీదే మరిచిపోయి నా వెంట వచ్చాడు.

“పాప చెప్పింది నిజం మా. ఆ మాత్రకు పథ్యం లేదు. నేనే కల్పించి చెప్పినా. నువ్వు మాత్ర వేసుకో,” అన్నాడు, అందరూ వింటుండగానే.

ఊళ్లో సగం మంది ఆయన మాట మీద మందు మింగుతారు. అలాంటి మనిషి ఆ మాట అనడం ఎంత కష్టమో ఆయన గొంతులోనే తెలిసింది. నాకు ఆయన మీద జాలి కలిగింది. ఆమె మాత్రం జల్లిగరిటె పక్కన పెట్టి మెల్లగా నవ్వింది.

“నేను భయపడతానని అట్ల సెప్తాండావు అన్నా. నీ మనసు నాకు తెలీదా? తప్పు నాది. సూసుకోకుండా తింటి.”

ఆ మాట చెప్పిన మనిషే వచ్చి వెనక్కి తీసుకుంటానన్నా ఆమె ఇవ్వలేదు. నాయన ఒక్కసారి నా వైపు చూశాడు. తర్వాత మాట మార్చాడు.

“సరే మా. పథ్యం చెడింది. దానికి పరిహారం ఉండాది, చేస్తావా?”

“సెప్పన్నా.”

“ఈ రాత్రి నుంచే మాత్ర మళ్లీ మొదలుపెట్టు. రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి పోయి డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పు. ఆయన సరే అనేదాకా నిప్పు ముందు కూర్చోవద్దు. ఇప్పుడే లెయ్యి.”

ఆమె లేచింది. నేను బతిమాలినా కదలని మనిషి చేతులు కొంగుకు తుడుచుకుని, వెనక ఉల్లిగడ్డలు తరుగుతున్న మొగుణ్ని పిలిచి గరిటె చేతికిచ్చింది. నాకు ప్రాణం కుదుటపడింది, దానితోపాటు ఉక్రోషమూ వచ్చింది.

డాక్టరు కూడా నాయన చెప్పినట్టే చెప్పి, ఒంటరిగా బావి దగ్గరికి కూడా పోవద్దన్నాడు. మాత్ర మళ్లీ ఒంటికి పట్టాలంటే కొంతకాలం పడుతుందన్నాడు. మొగుడు వేసిన బజ్జీలు పైన నల్లగా, లోపల పచ్చిగా ఉండేవి. ఈ బజ్జీలకు పథ్యం ఏమప్పా అని సందులో జనం అతన్ని ఏడిపించుకు తిన్నారు. అతను ఓర్చుకున్నాడు.

కొన్నాళ్లకే ఆమెకు మూర్ఛ వచ్చింది. పొద్దున పెరట్లో రుబ్బురోలు ముందు కూర్చుని పప్పు రుబ్బుతూ పక్కకు పడిపోయింది. నుదురు రోలు అంచుకు తగిలి కంటి పక్కన చీరుకుపోయింది. మొగుడు ఆసుపత్రికి తీసుకుపోయి కుట్లు వేయించాడు. అతను షాపుకొచ్చి ఈ సంగతి చెబుతుంటే నాకు రోలు కనిపించలేదు, నూనె బాండలే కనిపించింది.

ఆ తర్వాత నాయన ఎవరికీ ఉత్త పథ్యం పెట్టలేదు. అడిగితే, “దీనికి పథ్యం లేదప్పా, మాత్ర మాత్రం నిలపొద్దు,” అనేవాడు. వచ్చినవాళ్లు, ఈయన ముసలాడైనాడు, మునుపటి శ్రద్ధ లేదని గొణుక్కుంటూ పోయేవాళ్లు. నేను కోరుకున్నది అదే. అయినా వాళ్లు అలా అంటుంటే నాకు బాధగానే ఉండేది.

డాక్టరు మళ్లీ పొయ్యి దగ్గర కూర్చోవచ్చన్న రోజు ఆమె మాత్రలకు వచ్చింది. కుట్లు మాని, కంటి పక్కన గీత మిగిలింది.

“సూసినావా పాపా? పథ్యం లేదంటివే. గుమ్మడికాయ తిన్నందుకు ఎట్ల పడేసిందో సూడు,” అని ఆ గీత నాకు చూపించింది. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. చిన్నదాన్ని, నాకు తెలియదు కాబట్టి నేర్పుతోంది.

గుమ్మడికాయ కాదు, మాత్ర ఆపినందుకే నువ్వు పడ్డావు అని చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే మళ్లీ అదే నవ్వు నవ్వుతుంది. అంతలో ఆమె నాయన వైపు తిరిగింది.

“ఇంగ నేనే పొయ్యి ముందర కూర్చుంటా అన్నా. మళ్లీ యాడన్నా తెలీక తింటే ఏం చేసేది?”

నాయన చేతిలో పొట్లం ఉంది, తల వంచుకుని దాన్నే మడుస్తూ ఉన్నాడు. పథ్యం లేదంటే ఆమె నమ్మదు. ఉందనడానికి ఆయనకు ఇక నోరు రాదు. ఆమె ఆయన మాట కోసం అలాగే నిలబడి ఉంది.

“తెలీక తిన్నా, తెలిసి తిన్నా మాత్ర నిలపకూడదు అత్తా,” అన్నాను నేను. “నిలిపితేనే తిరగబడతాది. ఈ మందుకు అదే పెద్ద పథ్యం.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “ఇది నీ మాటనా, మీ నాయన మాటనా?”

నాయన పొట్లం మడవడం ఆపాడు.

“నాయన మాటే,” అన్నాను.

ఆమె తల ఊపి, మాత్రలు కొంగున ముడేసుకుని, పొయ్యి వెలిగించే వేళైందని సందులోకి పోయింది.